అంకెలు విరగవు

1998 అక్టోబరు, మూడో బుధవారం, సాయంత్రం. నిజామాబాద్, లెక్చరరు గారి మేడ మీది గది.

ఉన్నవారు: లెక్చరరు గారు. ఆయన పాత విద్యార్థిని, బస్టాండు వెనక కంప్యూటర్ సెంటరు నడిపే ఆమె. మా కాంటా గుమాస్తా. నేను.

విషయం: భాషకు ఏ టూల్‌కిట్ కట్టాలి.

డైరీలో ఆ రోజు ఇలా మొదలవుతుంది. ఎక్కడ నలుగురు కూర్చున్నా ముందు ఉన్నవారిని రాసి, తర్వాత మాటలు రాయడం చెరుకు యార్డు ఉద్యోగం నాకు నేర్పిన పద్ధతి. రిటైరయ్యాక కూడా అది పోలేదు. ఇంటికి చుట్టాలొచ్చినా అలాగే రాస్తానని మా ఆవిడ నవ్వుతుంది. ఈ పేజీ దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం ఆ నాలుగు వరసలు చదివి ఆగిపోతాను. ఆ గదిలోకి నలుగురం నవ్వుకుంటూ ఎక్కాం. దిగేసరికి మాలో ఒకరి కుర్చీ, ఎవరూ ఆ మాట అనకుండానే, కదిలిపోయి ఉంది.

మాది బోధన్‌లోని పెద్ద చక్కెర ఫ్యాక్టరీ కాదు. కాలువ అవతల, చెరుకు తోటల మధ్య ఉండే చిన్న ప్రైవేటు ఫ్యాక్టరీ. నేను అక్కడ యార్డు సూపరింటెండెంటును. లోపలికొచ్చే ప్రతి బండీ ముందు కాంటా ఎక్కాలి. కాంటా అంటే నేలకు సమంగా వేసిన ఇనుప పలక. దాని పక్కనే చిన్న గది, గదికి కటకటాల కిటికీ, లోపల బల్ల, బల్ల ముందు గుమాస్తా. రైతుకు గానీ ఫ్యాక్టరీకి గానీ ఆ కుర్చీని మించిన కుర్చీ లేదు.

మా యార్డులో ఒక ఆనవాయితీ ఉండేది. నేను చేరక ముందెప్పుడో తూకం మీద రైతులకూ ఫ్యాక్టరీకీ పెద్ద గొడవ జరిగిందట. అప్పటినుంచి తూకం చూపించేది ఏదైనా సరే, దాని ముఖం రైతు వైపే ఉండాలి. ముల్లు తిరిగే పాత కాంటా ఉన్నప్పుడూ అంతే, కంప్యూటరు వచ్చాకా అంతే. తెర కిటికీ వైపు తిప్పి ఉంటుంది. బండి పలక మీద ఆగగానే, అది కదలకుండా బండివాడు చక్రాలకు రాళ్లు పెడతాడు. రైతు కిటికీ దగ్గరికొచ్చి తన బండి టోకెను నంబరు చెప్పి, తెర మీద తూకం అంకె గట్టిగా చదువుతాడు. గుమాస్తా ఆ అంకెనే తిరిగి గట్టిగా పలికి మీట నొక్కుతాడు. కాంటా పంపిన తూకంతో చీటీ అచ్చవుతుంది. బయట పచ్చదీపం వెలుగుతుంది. బండివాడు రాళ్లు తీసి బండి తోలుకుపోతాడు. అక్షరం ముక్క రాని రైతు కూడా అంకెలు చదవగలడు, బస్సు నంబర్ల పుణ్యమా అని. ఎవరి చెరుకు తూకం వాళ్లే చదువుకుంటారు కాబట్టి మా యార్డులో ఆ తర్వాత గొడవ లేదు.

ఆ ఆనవాయితీ వల్లనే ఇంకో సంగతి కూడా ఎవరికీ తెలియలేదు. మా గుమాస్తాకు చూపు పోతున్నది.

షుగరు జబ్బు కళ్లకెక్కిందని హైదరాబాదులో డాక్టరు చెప్పాడు. చూపులో నడిమి భాగం పోయింది. మనుషులూ బండ్లూ నీడల్లా ఆనేవి, అక్షరం ఆనేది కాదు. ముందటి సీజనులో ఒకరోజు సైకిలు చప్పుడుకే నన్ను పలకరించినవాడు, నేను దిగి ఎదురుగా మాట్లాడకుండా నిలబడితే ఎవరని అడిగాడు. అప్పుడు నాకు అర్థమైంది. అడిగితే దాచలేదు.

"సార్, తూకంల ఒక్క తప్పు సూపెట్టుండ్రి. రైతు సదువుతడు, నేను పల్కుత, చేతి ఏళ్లకు మీటలు ఎరుకే. కండ్లతోటి పనేం పడ్తది?" అన్నాడు. తప్పు నిజంగానే లేదు. కుర్చీ పోతే దానితోపాటు ఫ్యాక్టరీ క్వార్టరు పోతుంది. భార్య బీడీలు చుడుతుంది. కొడుకు పాలిటెక్నిక్‌లో చదువుతున్నాడు. రిటైర్మెంటు ఇంకా కొన్నేళ్ల దూరంలో ఉంది. నేను ఆ సంగతి ఎక్కడా ఎత్తలేదు.

ఇక భాష సంగతి. లెక్చరరు గారు నిజామాబాద్‌లో కంప్యూటర్లు చెప్పేవారు. మనిషి సన్నం, మాట తొందర. పిల్లలకు ఇంగ్లీషు మాటల వల్ల ప్రోగ్రాము రాయడం భయమవుతున్నదని, కంప్యూటరుకు తెలుగు మాటలతో చెప్పే భాష ఒకటి సొంతంగా తయారుచేశారు. 'ఐతే', 'లేకపోతే', 'మళ్లీ చెయ్' అని రాస్తే అది అర్థం చేసుకునేది. ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలి గానీ మాటలు మనవి. అప్పటికి అది పసి భాష. దానితో నడిచే నిజమైన పని లోకంలో ఒక్కటే ఉండేది, మా కాంటా. లెక్చరరు గారి చుట్టం ఒకరు మా ఆఫీసులో ఉండటం వల్ల ముందటి సీజనులో ఒక కాంటాకు పెట్టి చూడమన్నారు. నల్లటి తెర, దాని నడుమ చుక్కలతో పేర్చిన ఒకే ఒక పెద్ద అంకె. దాని కింద ప్రశ్న అడిగే ఒక వరస తప్ప వేరే ఏమీ ఉండేది కాదు. సీజనంతా నడిచింది.

ఈసారి చెరుకు కొనుగోలు చూసే కేన్ మేనేజరు ఒప్పుకోలేదు. వేరే ఫ్యాక్టరీల్లో కిటికీలూ గుండీలూ ఉన్న ప్రోగ్రాములు వచ్చాయి, మనది మాత్రం పాతకాలపు నల్ల తెర ఏమిటన్నారు. గురువారం పొద్దున యార్డుకొస్తానని, కొత్త తెర చూపిస్తే సరే, లేకపోతే హైదరాబాదు నుంచి తయారు ప్రోగ్రాము కొంటానని చెప్పారు. అందుకే బుధవారం సాయంత్రం మేము ఆ మేడ ఎక్కాం.

"నా భాషకు లెక్క చేసుడు వస్తది, మొహం లేదు. ఇయ్యాల మొహం ఎన్నుకోవాలె," అన్నారు లెక్చరరు గారు, స్టీలు గ్లాసుల్లో చాయ్ అందిస్తూ.

టూల్‌కిట్ అంటే ఏమిటో నాకు చెప్పింది కంప్యూటర్ సెంటరు ఆమె. తెర మీద కిటికీలు, గుండీలు, రాసుకునే గళ్లు గీసి ఇచ్చే తయారు సామాను. ప్రతి భాషా వాటిని మొదటినుంచి గీసుకోదు, ఎవరో చేసిపెట్టింది తెచ్చి తనకు కట్టుకుంటుంది. కట్టడం ఆషామాషీ పని కాదు. ఒకసారి కట్టాక ఆ భాషలో రాసే ప్రతి ప్రోగ్రామూ దాన్నే పట్టుకుని ఉంటుంది.

"గందుకే సార్ నిద్ర పోతలేరు," అన్నదామె. "తెల్లారితే ఒకటి నచ్చుతది, పొద్దుమీకితే ఇంకోటి."

"నిద్ర పోనిదానికి గదొక్కటే కారణం గాదమ్మా," అన్నారాయన. "ఇన్నాళ్లు నా భాష అడుగుతుండె, మనిషి జవాబిస్తుండె. టోకెను ఎంత, చెప్పు. తూకం సరేనా, చెప్పు. కిటికీలు పెడితె గట్లుండది. అన్ని గుండీలు తెరిచి పెట్టి, మనిషి ఏది ముట్టుకుంటడా అని భాష సప్పుడు చెయ్యక కూసోవాలె. గా సంగతి తల్సుకుంటె నాకు ఒక తీర్గ ఉంటది."

మా గుమాస్తా నవ్వాడు. "మా కాంటా గుడ గంతే సార్. సప్పుడు చెయ్యక పండుకుంటది, ఏ బండి మీద పడ్తదా అని."

అందరం నవ్వాం. ఆ నవ్వు నాకిప్పటికీ వినపడుతుంది. ఎందుకంటే ఆ గదిలో అదే చివరి నవ్వు.

ఆమె మూడు నమూనాలు సిద్ధం చేస్తానన్నది గానీ రెండే చేయగలిగింది. మూడోది గుండీలు మనమే గీసుకోవడం. దానికి ఏడాది పడుతుందని, అది వదిలేయమని ఆమే చెప్పింది. మిగిలినవి రెండు.

మొదటిది కంప్యూటరుతోపాటు వచ్చే మామూలు గుండీలను వాడుకుంటుంది. బూడిద రంగు కిటికీ, తెల్లటి గళ్లు, ఒకదాని కింద ఒకటి. మౌస్ ముట్టుకోకుండా మీటలతోనే గడి నుంచి గడికి పోవచ్చు, గుండీ నొక్కవచ్చు. కానీ తెలుగు అక్షరాలు అందులో నిలవలేదు. ఒత్తు అక్షరం కింద కూర్చోకుండా పక్కకు జారిపోయింది. 'తూకం' అన్నచోట ఒక ముక్క, ఒక ఖాళీ గడి, ఇంకో ముక్క. గళ్ల పక్కన రాసిన పేర్లన్నీ అంతే, గోడ మీది పాత సున్నం పెచ్చుల్లా.

రెండోది తన గుండీలు తానే గీసుకుంటుంది. తెలుగు పెద్దగా, గుండ్రంగా, రంగుల్లో వచ్చింది. లెక్చరరు గారు తెరకు దగ్గరగా వంగి ఒక్కొక్క అక్షరమూ చూశారు. ఆయన మాటలు ఆయన అక్షరాల్లో తెర మీద అంత అందంగా రావడం అదే మొదటిసారి అనుకుంటాను. కానీ దానికి మీటలు పట్టవు. చేసినవాళ్లు ఇంకా ఆ పని ముగించలేదట. అంతా మౌస్‌తోనే. చెయ్యి ఎక్కడున్నదో తెర మీది బాణం గుర్తు చూసుకుంటూ నడపాలి.

"రొండిట్ల గుడ ముందటి బండి తూకం పైన ఉంటది, ఇప్పటి బండిది కింద," అన్నదామె సంతోషంగా. "నల్ల తెర మీద ఒక్క అంకెనే ఉండె. కిటికీల మజా గిదే. అన్ని ఒక్కసారి కనవడ్తయి."

మంచిదే అన్నాం. ఎవరమూ దాని గురించి ఇంకో మాట అడగలేదు.

"అన్నా, జర నువ్వు నడిపి సూడు. కూసునేది నువ్వే గద," అని ఆమె గుమాస్తాను కుర్చీలో కూర్చోబెట్టింది.

ముందు రెండోది పెట్టింది. గుమాస్తా మౌస్ మీద చెయ్యి వేశాడు. మెల్లగా తోశాడు. బాణం తెర మూలకు పోయి ఆగింది. అతని చెయ్యి మాత్రం ఆగలేదు, బల్ల అంచు దాకా పోయింది, మౌస్ అంచు మీంచి జారి వైరుకు వేలాడింది.

"ఎలుకను పట్టుడు పిల్లి పని, నా పని గాదు బిడ్డా," అన్నాడు. మాట తేలికగానే ఉంది. మెడ వెనక చెమట నాకు కనిపించింది.

ఆమె వంగి మౌస్ తీసి బల్ల మీద పెట్టింది. అతని ముఖం చూసింది. తర్వాత నా ముఖం చూసింది. నేను చాయ్ గ్లాసులోకి చూశాను.

మొదటి నమూనా పెట్టింది. ఇప్పుడు అతని వేళ్లు వేళ్లలా లేవు, అంత చురుకు. ముఖం యథాప్రకారం గది కిటికీ వైపు తిప్పుకున్నాడు, అక్కడ రైతు నిలబడి ఉన్నట్టే. టోకెను, తూకం, సరే. టోకెను, తూకం, సరే. మేడ మీద కాంటా లేదు కాబట్టి ఆమె అంకెలు చదువుతున్నది, అతను తిరిగి పలికి కొడుతున్నాడు. లెక్చరరు గారు తల ఊపుతున్నారు.

అప్పుడామె చదవడం ఆపకుండానే చెయ్యి చాపి తెర కింద ఉండే చిన్న చక్రాన్ని తిప్పింది. వెలుగు తగ్గించే చక్రం. చప్పుడేమీ రాలేదు. బూడిద కిటికీ మసకబారింది, ఇంకా మసకబారింది, పోయింది. తెర నల్లగా మిగిలింది. ఆ నలుపులో గది కిటికీ నీడ పడింది, దానికి అడ్డంగా అతని తల.

అతను కొడుతూనే ఉన్నాడు. టోకెను, తూకం, సరే.

లెక్చరరు గారు తల ఊపడం ఆపేశారు.

"అన్నా," అన్నదామె. గొంతు మామూలుగానే పెట్టింది, పెట్టడానికి ఎంత కష్టపడిందో ఆమెకే తెలియాలి. "ఇప్పుడు తెర మీద ఏమేం ఉన్నయో జర సూసి చెప్పవా?"

అతను ముఖం తెరవైపు తిప్పాడు. కళ్లు చికిలించాడు. నల్లటి అద్దాన్ని పైనుంచి కింది దాకా చూశాడు.

"పైన టోకెను. కింద తూకం. గా కింద సరే గుండీ," అన్నాడు. ఆగి, మా అందరి కోసమూ అన్నట్టు, "అక్షరాలు గుడ మంచిగనే ఆన్తున్నయి. గిదే పెట్టుండ్రి సార్," అన్నాడు.

కింద వీధిలో ఎవరో సోడాబండి తోసుకుపోతున్న చప్పుడు. ఆమె మెల్లగా చక్రం వెనక్కి తిప్పింది. బూడిద కిటికీ మళ్లీ వచ్చింది. అతనికి అది పోయిందనీ తెలియదు, వచ్చిందనీ తెలియదు.

"మందుల దుకాణం బంద్ చేస్తడు, సూదులు తెచ్చుకుంట. మీరు మాట్లాడుకోండ్రి," అని అతను లేచాడు. మెట్లు దిగుతున్నప్పుడు అడుగుల మధ్య వ్యవధి విన్నాను. ఒక్కొక్క మెట్టు మీద పాదం తడుముకుంటున్నది. ఎక్కేటప్పుడు మాటల్లో పడి వినలేదు.

మెట్ల చప్పుడు ఆగాక ఆమె నా వైపు తిరిగింది. "మీకు ఎరుకే గద సార్?"

"ఎరుకే," అన్నాను. "సీజనంత ఒక్క తప్పు లేదు."

"గాయన మీట ఒత్తితె పచ్చదీపం పడ్తదన్నరు. దీపం పడితె రాళ్లు తీస్తరన్నరు. బండి కింద ఎవరన్న ఉంటె?"

"బండి కిందికి ఎవరూ పోరమ్మా. పోయినా అరుస్తరు. మా దగ్గర అన్నిటికీ అరుపే."

"అరవకపోతె?"

ఆమె కోపంగా లేదు. చక్రం తిప్పిన చేతిని ఇంకో చేత్తో పట్టుకుని కూర్చుంది. తప్పు చేసినట్టు గాని, గెలిచినట్టు గాని లేదు.

లెక్చరరు గారు రెండు నమూనాలనూ మార్చి మార్చి చూశారు. ఒకటి, ఇంకొకటి. గుండ్రని తెలుగు, విరిగిన తెలుగు. చివరికి అన్నారు, "మొదటిది ఖాయం చేద్దాం."

"సార్, మేనేజరు వచ్చి సూసేది మొహమే గద," అన్నదామె. "గా విరిగిన అక్షరాలు సూస్తె మన భాషనే వద్దంటడు. రొండోది కట్టుండ్రి. మీటలు వచ్చే ఏడు వస్తయని వాళ్లే రాసిండ్రు."

"వచ్చే ఏటి దాంక గాయన యాడ కూసోవాలె?"

"అంటె గాయన కోసం చేస్తున్నరు గది. భాష కోసం గాదు."

"రొండు ఒక్కటే అనుకో," అన్నారాయన. "నా భాషను నిజంగ వాడినోడు ఒక్కడే ఉన్నడు. వానికి పనికిరాని మొహం దానికెందుకు?"

నేనే అడిగాను. ఆ మాట అడిగింది నేనేనని డైరీలో కూడా ఉంది.

"పేర్లు విరిగితె రైతుకు ఏం సమజైతది సార్?"

లెక్చరరు గారు తెర వైపు చూపించారు. పేర్లన్నీ చిందరవందరగా ఉన్నాయి గానీ గళ్లలో అంకెలు మాత్రం నిక్కచ్చిగా, నల్లగా, వరసగా నిలబడి ఉన్నాయి.

"మీ రైతులు సదివేది అంకెలే అన్నరు గద. అంకెలు విరగవు," అన్నారు.

నిజమే అనిపించింది. ముగ్గురమూ ఆ తెల్లటి గళ్లను చూస్తూ తల ఊపాం.

బోధన్ బస్సులో గుమాస్తా నా పక్కనే కూర్చున్నాడు. ఊరు దాటాక రోడ్డుకు రెండు వైపులా చెరుకు మొదలైంది. ఆ ఏడు చెరుకు ముందే పూతకొచ్చింది. పూత పడితే తీపి తగ్గుతుంది, రైతుకది మంచి కబురు కాదు. పొద్దు కుంకుతున్న వెలుగులో ఆ తెల్లటి వెంట్రుకల కంకులు మైళ్ల పొడుగునా తలలు ఊపుతున్నాయి. గాలి ఉన్నట్టు బస్సులో తెలియలేదు.

"ఏది ఖాయమైంది సార్?"

"మొదటిది. మీటలది."

అతను సూదుల పొట్లం ఒళ్లో పెట్టుకుని దాని అంచులు మడుస్తూ, విప్పుతూ ఉన్నాడు.

"ఇంట్ల చెప్పొచ్చిన, గట్లనే అయితదని," అన్నాడు చివరికి. "మా ఆమె ఒక్కతీరు పరేషాన్. కంప్యూటర్ మారుతున్నదట, నిన్ను తీస్తరట అని. నేనన్న, పిచ్చిదానా, కాంటా మారుతదా? రైతు మారుతడా? గా రొండు మారనన్ని దినాలు నా కుర్చీ ఏడికి పోతది?"

"రేపు జర జాగ్రత్తగ ఉండు," అన్నాను.

"ఎందుకు సార్, ఏమన్న అన్నరా?"

"ఏమనలేదు."

అతను నా వైపు తిరిగి నా ముఖం ఉండవలసిన చోట వెతికాడు. చూపు నా చెవి పక్కగా పోయింది. నేను చెప్పి ఉంటే ఏమయ్యేదో తెలియదు. తెర ఆరిపోయింది, నువ్వు చీకటిని చదివావు అని ఒక మనిషికి బస్సులో ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. కండక్టరు వచ్చి ఎక్కడికని అడిగాడు. మాట అక్కడే పోయింది.

మరునాడు గురువారం. ఎండ పొద్దున్నే బాగా కాసింది. చెరుకు ఆడే క్రషింగు ఇంకా మొదలు కాలేదు కాబట్టి యార్డు ఖాళీ. పరీక్ష కోసం నవీపేట్ దిక్కు నుంచి ముందుగా కోసిన చెరుకు బండ్లు మూడు రప్పించాం. లెక్చరరు గారు, ఆమె మొదటి బస్సులోనే వచ్చి కంప్యూటరు సిద్ధం చేశారు. తెర ఎప్పటిలాగే కిటికీ వైపు తిప్పారు. గుమాస్తా ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. కేన్ మేనేజరు గది గుమ్మంలో నిలబడి, మెడ చాచి తెర చూసి, "అక్షరాలేందయ్యా గిట్లున్నయి?" అన్నారు. సీజనులోగా సరిచేస్తామన్నారు లెక్చరరు గారు. మేనేజరు ఊఁ అన్నారు. అంత సులువుగా ఒప్పుకుంటారనుకోలేదు.

మొదటి బండి ఎక్కింది. నిండు బండి, చెరుకు రెండు వైపులా నేలకు రాస్తున్నది. పెద్ద వయసు రైతు కిటికీ దగ్గరికొచ్చి టోకెను చెప్పాడు. తెర మీద తూకం గళ్లలో పైది ఖాళీ, కిందిదానిలో అంకె. ఉన్నది ఒకటే.

"పద్దెనిమిది వందల డెబ్బై!"

"పద్దెనిమిది వందల డెబ్బై," అన్నాడు గుమాస్తా. మీట నొక్కాడు. చీటీ వచ్చింది. బయట పచ్చదీపం. బండి దిగింది. లెక్చరరు గారు ఊపిరి వదలడం నాకు వినపడింది.

రెండో బండి ఎక్కింది. దారిలో ఇరుసు బలహీనపడిందని చెరుకు సగం దించి తెచ్చారు. సగం ఖాళీ బండి. ఎడ్లు కూడా తేలిగ్గా లాగాయి. దాని రైతు, నెత్తికి తువ్వాలు చుట్టుకున్న నడివయసు మనిషి, కటకటాలు పట్టుకుని తెర చూశాడు. అప్పుడు నేను పక్కకు వంగి తెర చూశాను. పై గడిలో ముందటి బండి తూకం. కింది గడిలో ఈ బండిది. రెండూ ఒకే ఎత్తు, ఒకే నలుపు. పక్కన ఏది ఎవరిదో చెప్పవలసిన పేర్లు రెండూ ముక్కలు.

రైతు పైనుంచి చదవడం మొదలుపెట్టాడు. ఎవరైనా అక్కడినుంచే మొదలుపెడతారు.

"పద్దెనిమిది వందల డెబ్బై!"

గుమాస్తా నోరు తెరిచాడు. పలకలేదు. వేలు మీట మీద ఆగింది. ఇన్నేళ్లలో వరసగా రెండు బండ్లు కిలో తేడా లేకుండా తూగడం అతను విని ఉండడు.

"ఇంకోపారి సదువు అన్నా."

"పద్దెనిమిది వందల డెబ్బై."

ఆమె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. లెక్చరరు గారు ఒక అడుగు ముందుకు వేశారు, మేనేజరు అడ్డంగా ఉన్నారు, ఆగిపోయారు. నేను గొంతు సవరించుకున్నాను. ఆ చప్పుడుకు గుమాస్తా తల నా వైపు కొంచెం తిరిగింది, ఏదైనా అంటానేమోనని. మేనేజరు కూడా నా వైపే చూశారు.

"జర మంచిగ సూసి సదువు," అన్నాడు గుమాస్తా, గొంతు తగ్గించి.

రైతుకు విసుగొచ్చింది. "ఎన్నిసార్లు సదవాలె? గీడ రాసి ఉన్నది గదా, నువ్వే సూడరాదు!"

గుమాస్తా రెండు చేతులతో తెరను పట్టుకుని తన వైపు తిప్పుకున్నాడు. మా యార్డులో తెర గుమాస్తా వైపు తిరగడం నేను చూసింది అదొక్కసారే. ముఖం దానికి బాగా దగ్గరగా పెట్టాడు. తలను ఎడమకు వంచాడు, కుడికి వంచాడు, అంచుల్లో మిగిలిన చూపుతో ఏదైనా దొరుకుతుందేమోనని. తెర వెలుగు అతని నుదుటి మీద పడింది. మళ్లీ తెరను రైతు వైపు తిప్పేశాడు.

"పద్దెనిమిది వందల డెబ్బై," అని గట్టిగా పలికి, మీట నొక్కాడు.

పచ్చదీపం వెలిగింది. చీటీ అచ్చయింది. దాని మీద కాంటా పంపిన అసలు తూకమే పడింది, రైతు చదివిన అంకెలో దాదాపు సగం. ప్రోగ్రాము తప్పు చేయలేదు. మేనేజరు ఆ చీటీ చించి చూశారు, కిటికీ బయటి బండిని చూశారు.

"ఏమయ్యా," అన్నారు. కోపం లేదు, అర్థం కానట్టే అడిగారు. "బండి సగం ఖాళీ ఉన్నది. కనవడ్తలేదా?"

గుమాస్తా బయటికి, పలక ఉన్న వైపు చూశాడు. పట్టపగటి ఎండలో బండివాడు రాళ్లు తీసి పక్కన పడేస్తున్నాడు.

"రాళ్లు తీసేటోడు పక్కకు జరిగిండా, లేదా సూడుండ్రి," అన్నాడు. అదే అతని జవాబు.

ఆమె కిటికీలోంచి చూసి, "జరిగిండు అన్నా," అన్నది.

సరే అన్నట్టు తల ఊపి లేచాడు. డ్యూటీ దిగేటప్పుడు ఎప్పుడూ చేసేట్టే కుర్చీని బల్ల కిందికి తోశాడు. బల్ల మీద తన చేతి రుమాలు వెతుక్కుని తీసుకున్నాడు. గోడకు అరచెయ్యి ఆనించి, ఆ గోడ పట్టుకునే గుమ్మం దాకా నడిచాడు. మేనేజరు తప్పుకుని దారి ఇచ్చారు. అంతమంది చూస్తుండగా అతను గోడ పట్టుకుని నడవడం అదే మొదటిసారి.

మూడో బండి పలక ఎక్కింది. బండివాడు రాళ్లు పెట్టాడు. లోపల ఏం జరిగిందో తెలియని రైతు కిటికీ దగ్గరికొచ్చి, తెర చూసి, గట్టిగా ఒక అంకె చదివాడు. ఆగాడు. మళ్లీ చదివాడు. తిరిగి పలకడానికి కుర్చీలో ఎవరూ లేరు.